ఇద్దరు చూసిన ఓరుగల్లు

(హనుమకొండలో తెలుగు సారు శిష్యులు జరిపిన సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



వేదిక మీద సారు ఫోటో పెట్టారు. అందులో ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. నా కళ్లకు అది కొత్త. సారు కూర్చోగా నేను చూసింది చాలా తక్కువ. పాఠం నిలబడి చెప్పేవారు, పద్యం అటూ ఇటూ తిరుగుతూ చదివేవారు, ఊరిని నడిపించి చూపించేవారు. మూడు తరాల పిల్లలకు ఆయన తెలుగు సారు. పేరు పెట్టి అనే చనువు మాలో ఎవరికీ రాలేదు. ఈ సాయంత్రం కూడా నేను సారు అనే అంటాను.

చారిత్రక రాజధానిలో చూడదగిన స్థలాల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఆహ్వానం చదవగానే సారు గొంతు వినబడింది. "చూడదగినయి సరే, చూసుడు ఎట్లనో ఎవరు చెప్తరు?" అనేవారు ఆయన ఉండి ఉంటే. ఆ ప్రశ్న పట్టుకునే మాట్లాడతాను. అందుకు దూరం పోనక్కర్లేదు. మనం ఇప్పుడు కూర్చున్న చోటికి కాసింత దూరంలో ఓరుగల్లు కోట ఉంది.

1975 ప్రాంతంలో, మేము తొమ్మిదో తరగతిలో ఉండగా, సారు మమ్మల్ని ఖిలా వరంగల్ తీసుకుపోయారు. బండి నేరుగా కోట నడుమ తోరణాల దాకా పోతుంది. సారు మాత్రం తూర్పు దిక్కున మట్టికోట బయటే అందరినీ దింపేశారు. ఎండ ముదురుతోంది. నలభై మందిమి, చేతుల్లో సద్ది గిన్నెలు. ఇంకా ఎంత దూరం సార్ అని ఎవరో అడిగితే, "రాజును చూడవోయేటోడు గూడ గింతే దూరం నడిచిండు బిడ్డా" అన్నారు. మట్టికోట కట్ట దాటి, చేన్ల మధ్యనుంచి నడిచి, అగడ్త దగ్గరికి వచ్చి, రాతికోట దర్వాజా ముందు ఆగాం. మమ్మల్ని ఒక్కొక్కరిని లోపలికి పంపి, "ఎదురుంగ ఏం కనవడుతుంది?" అని అడిగారు. గోడ కనబడింది. ఆ వాకిట్లో అడుగుపెడితే ఊరు కనబడదు. ఒకసారి మళ్లాలి, మరోసారి మళ్లాలి, అప్పుడు గాని ఊరు మొహం చూపించదు. గుర్రాల మీద ఉరికివచ్చే శత్రువు ఆ మలుపులో వేగం పోగొట్టుకుంటాడు. పైన నిలబడ్డ వాళ్లకు అంత సమయం చాలు. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. మాకు అది ఎండలోంచి ఉన్నట్టుండి తగిలిన చల్లటి రాతి నీడగా గుర్తుండిపోయింది. మా క్లాసులో చరిత్ర మార్కులు రాని వాడు కూడా ఆ మలుపు మరిచిపోలేదు.

రెండేళ్ల కింద మా వియ్యాలవారు గుంటూరు నుంచి వచ్చారు. ఒక టూరు బస్సులో మేమంతా బయల్దేరాం. రామప్ప, వేయిస్తంభాల గుడి, కోట, అన్నీ ఒక్క రోజులోనే. కోటకు ఇచ్చింది అరగంట. బస్సు ఆ రెండు మలుపులూ తిరిగి లోపలికి వెళ్లిందన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. కిటికీ తెరలు వేసి ఉన్నాయి, లోపల సినిమా నడుస్తోంది. తోరణం ముందు నిలబడి అందరూ ఫోటోలు దిగారు. దిగడంలో తప్పేమీ లేదు, నేనూ దిగాను. తిరిగి బస్సెక్కబోతుంటే మా వియ్యపురాలు ఆగి అడిగింది: "అన్నయ్యగారూ, నాలుగు దిక్కులా ద్వారాలున్నాయి, బాగున్నాయి. మరి గుడేదండీ?"

ఆ అరగంటలో ఆ కోటను చూసింది ఆమె ఒక్కతే అనిపించింది నాకు. తోరణం అంటే వాకిలి. నాలుగు వాకిళ్లున్న చోట మధ్యలో ఇల్లుండాలి కదా. తోరణాల ఎత్తు సుమారు ముప్పై అడుగులు, బరువైన అడ్డదూలం, దాని కింద వేలాడే తామర మొగ్గలు, మకరాలు, పైన హంసలు. ముందు వైపు ఏముందో వెనక వైపూ అదే. లోపలికి పోయేవాడికీ బయటికి వచ్చేవాడికీ ఒకే మర్యాద. వాటిని ఇంత శ్రద్ధగా చెక్కించిన వాళ్లు ఆ నాలుగింటి నడుమ స్వయంభూ దేవుడికి గుడి కట్టారు. ఆ శివుడు కాకతీయుల ఇలవేల్పు, రాజధానికి నాభి. ఆ గుడి ఈరోజు లేదు. విరిగిన దూలాలు, స్తంభపు ముక్కలు, తల లేని నందులు, పైకప్పు పద్మాలు గడ్డిలో పరిచి ఉన్నాయి. మనం ఫోటో దిగే చోట మన వెనక ఉన్నది ఆ లేని గుడి. తెలంగాణ రాష్ట్రం 2014లో ఏర్పడినప్పుడు రాజముద్రలోకి తీసుకున్నది ఆ గుడి వాకిలినే. ఇంటింటికీ వచ్చే సర్కారు కాగితం మీద ఆ వాకిలి ఉంది. లోపలి దేవుణ్ణి మాత్రం మనం అడగడం మానేశాం.

కోట నిర్మాణం గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. కాకతీయులు మొదట హనుమకొండ నుంచి ఏలారు. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా పాలించాడు. ఓరుగల్లు కోట ఆయన కాలంలో రూపు కట్టుకుంది. ఆయన కూతురు రుద్రమదేవి రాతిగోడ ఎత్తు పెంచి పని పూర్తి చేసింది. లోపలి రాతికోట అడ్డకొలత సుమారు 1.2 కిలోమీటర్లు, గోడకు 45 బురుజులు, సున్నం లేకుండా రాయికి రాయి పట్టుకునేట్టు పేర్చిన కట్టు. దాని చుట్టూ అగడ్త. దాని బయట మట్టికోట, అడ్డకొలత సుమారు 2.4 కిలోమీటర్లు. అంటే మట్టికోట నుంచి రాతికోట దాకా ఎంత నడకో, రాతికోట నుంచి నడుమ గుడి దాకా దాదాపు అంతే నడక. సారు మమ్మల్ని మట్టికోట బయట ఎందుకు దింపారో నాకు ఈ లెక్క చూశాకే తెలిసింది. ఇంకా బయట, హనుమకొండను కూడా కలుపుకుని, మరో మట్టికట్ట ఉండేది. దాని అడ్డకొలత పన్నెండు కిలోమీటర్ల పైమాటే. మనలో చాలామంది రోజూ ఆ కట్ట ఆనవాళ్ల మీదుగానే పనికి పోతున్నాం.

మట్టిగోడ కదా అని తేలిగ్గా చూడకండి. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సైన్యం ముట్టడికి వచ్చినప్పుడు ఆ దండయాత్ర గురించి రాసిన అమీర్ ఖుస్రో, శత్రుపక్షం వాడై ఉండీ, ఆ మట్టికోట గట్టిదనాన్ని చూసి ఆశ్చర్యపోయాడు. ఉక్కు బల్లెం దిగని మట్టి అని, రాళ్లు విసిరే యంత్రాల గుండు తగిలితే తిరిగి ఎగిరిపడుతుందని వర్ణించాడు. ఆ గోడ కట్టింది ఈ చుట్టుపక్కల చెరువు కట్టలు కట్టిన చేతులే అని సారు అనేవారు. దీనికి శాసనం లేదు, అది సారు నమ్మకం. నాకూ ఆ నమ్మకమే. రామప్ప, పాకాల చెరువుల కట్టల మీద నిలబడి చూసిన వాడికి మట్టికోట కట్ట కొత్తగా అనిపించదు.

1323లో ఉలూఘ్ ఖాన్ చేతిలో ఓరుగల్లు పడిపోయింది. తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో ఢిల్లీ గద్దె ఎక్కింది ఇతనే. చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణి బందీగా తీసుకుపోతుంటే నర్మదా తీరంలో ప్రాణం విడిచాడని విలస తామ్రశాసనం చెబుతుంది. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది. గుడి పోయింది. ఇక్కడితో మన పాఠ్యపుస్తకం ఆగిపోతుంది. సారు పాఠం ఇక్కడ మొదలయ్యేది.

సంచిలోంచి ఒక పాత పుస్తకం తీసేవారు. క్రీడాభిరామం. వినుకొండ వల్లభరాయడి పేరుతో ఉన్న కావ్యం. శ్రీనాథుడే రాశాడని వాదించిన పండితులూ ఉన్నారు, వేటూరి ప్రభాకరశాస్త్రి గారు వారిలో ముఖ్యులు. ఆ వాదం మనకు ఈ సాయంత్రం అవసరం లేదు. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతంలో రాసిన ప్రేమాభిరామం అనే రూపకం దీనికి మూలం. ఆ మూలం దొరకడం లేదు, తెలుగే మిగిలింది. మన భాషలో పాతకాలపు వీథి రూపకం అని చెప్పుకోవడానికి ఇదొక్కటే ఉంది. ఇందులో యుద్ధం లేదు, పట్టాభిషేకం లేదు, రాజు కనబడడు. గోవింద మంచనశర్మ అనే బ్రాహ్మణుడు, అతని స్నేహితుడు టిట్టిభసెట్టి అనే కోమటి, ఇద్దరూ ఒక రోజంతా ఓరుగల్లు చూస్తూ తిరుగుతారు. కథంతా అదే. ఊరు చూడటమే కథగా, ఒక్క పగటి నడకే కావ్యంగా చేసుకున్న పుస్తకం మన తెలుగులో అంత వెనకనే ఉందని నేను పదహారేళ్ల వయసులో విన్నప్పుడు ఎంత సంతోషం కలిగిందో ఇప్పటికీ చెప్పలేను.

వాళ్లేం చూశారు? ఊరి బయటి పాళెం చూశారు, అక్కడి సంత చూశారు. కోటలోకి వచ్చారు. రాజవీధిలో ఏనుగులు, గుర్రాలు, బండ్లు, భటులు కిక్కిరిసి ఉన్నాయి. ఇందులో నడవలేం అనుకుని పక్క సందుల్లోకి మళ్లారు. నాకు ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివినా కొత్తగానే ఉంటుంది. రాజధాని చూడటానికి వచ్చిన వాడు రాజవీధి వదిలి సందు పట్టాడు. ఆ సందుల్లోనే అసలు ఊరు దొరికింది వాళ్లకు. పొట్టేళ్ల పందెం చూశారు, కోళ్ల పందెం చూశారు. పాములాడించే వాణ్ణి చూశారు. ఏకవీర గుడి, ఆమెకు తోబుట్టువు కాకతమ్మ, మైలారుదేవుడి భక్తులు ఒళ్లు మరిచి చేసే సాహసాలు, అన్నీ చూశారు. ఒకచోట ఒక స్త్రీ తాళాలు దద్దరిల్లుతుంటే పలనాటి వీరుల కథ పాడుతోంది. జనం గుమిగూడి వింటున్నారు. పల్నాడు ఎక్కడ, ఓరుగల్లు ఎక్కడ! గుంటూరు దిక్కు వీరుల కథకు మన ఓరుగల్లు వీధిలో జనం ఊగిపోయారు. మా వియ్యపురాలికి ఈ సంగతి చెబితే ఆమె మొహం వెలిగిపోయింది.

ప్రతాపరుద్రుడి కొలువులో పేరున్న మాచల్దేవి ఇంటికీ వెళ్లారు. ఆ ఇంటి గోడల నిండా పురాణాల్లోని ప్రేమకథల బొమ్మలు. ఆ చిత్రశాలలో ఒక గోడ మీది రంగయినా మనకు మిగల్లేదు. కవి కళ్లతో తప్ప ఇంకో దారిలో దాన్ని చూడలేం.

ఆకలేసింది. పూటకూళ్ల ఇంటికి పోయారు. లక్ష్మణవజ్ఝల గారి ఇల్లు. ఒక్క రూక ఇస్తే ఏం పెడతారో ఆ పద్యం లెక్కగా చెబుతుంది. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, గడ్డలు గడ్డలుగా తోడుకున్న కొత్త పెరుగు. సారు ఈ పద్యం చదివేటప్పుడు కాస్త నెమ్మదించేవారు. చదివాక పుస్తకం మూసి అడిగేవారు: "ఇగ చెప్పుండ్రి. పంచదార ఎక్కణ్ణుంచి వచ్చింది? గోధుమ ఏడ పండింది? ఆవులు ఏ బీట్ల మేసినయి? రూక ఎవలు కొట్టిచ్చిండ్రు?" ఒక విస్తరాకు చుట్టూ రాజ్యం మొత్తం కూర్చునేది. చెరుకు గడకు నీళ్లు కావాలి, నీళ్లకు చెరువు కావాలి, చెరువుకు కట్ట కావాలి, కట్టకు రాజు కావాలి. బజారుకు బాట కావాలి, బాటకు దొంగల భయం లేకుండా ఉండాలి. గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వర్తకులకు అభయమిస్తూ వేయించిన శాసనం ఆ విస్తరాకు దగ్గరే మాకు అర్థమైంది. పరీక్షకు చదివినప్పుడు అర్థం కాలేదు.

సురవరం ప్రతాపరెడ్డి గారు ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసేటప్పుడు ఈ చిన్న పుస్తకాన్ని ఎంతగా ఆధారం చేసుకున్నారో చదివిన వాళ్లకు తెలుసు. రాజుల చరిత్ర రాళ్ల మీద దొరుకుతుంది, జనం చరిత్ర ఇలాంటి నడకల్లో దొరుకుతుంది. ఈ కావ్యంలో సభలో చదవలేని పద్యాలు కూడా ఉన్నాయి. ఆ ఇద్దరి చూపు ఆడవాళ్ల మీద ఎలా పడిందో ఈనాడు చదివితే మనసుకు కష్టంగా ఉంటుంది. సారు ఆ చోట్లు దాటవేసేవారు కాదు. అప్పటి ఊరు ఆడవాళ్లను ఎలా చూసిందో అదీ చూడాల్సిందే అనేవారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వల్లభరాయడు ఏ కాలం వాడు? పదిహేనవ శతాబ్ది అంటారు. అంటే ఆయన ఈ పద్యాలు రాసేటప్పటికి స్వయంభూ గుడి లేదు. మాచల్దేవి లేదు. ప్రతాపరుద్రుడు పోయి చాలా కాలమైంది. రాజవీధిలో కాకతీయుల ఏనుగులు లేవు. తన కళ్లముందు లేని ఊళ్లోకి ఆయన ఇద్దరు మిత్రుల్ని నడిపించాడు. దారి తప్పకుండా, ఆకలి తీర్చి, అలసట రానీయకుండా, సందు సందూ తిప్పి తీసుకువచ్చాడు. మూలగ్రంథం ఆసరా ఉండవచ్చు. ఓరుగల్లు నుంచి చెదిరిపోయిన కుటుంబాల నోట విన్న మాటలూ ఉండవచ్చు. ఏమైనా, గుడి కూల్చగలిగిన సైన్యం ఆ పూటకూళ్ల భోజనాన్ని కూల్చలేకపోయింది. పెరుగు గడ్డలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

నాకు తెలిసినంతలో పాత రాజధానిని చూసే పద్ధతి ఇదే. ఉన్నదాన్ని పట్టుకుని లేనిదాని దగ్గరికి నడవడం. మా వియ్యపురాలు గుడేదని అడిగినప్పుడు చేసింది అదే, ఆమె క్రీడాభిరామం చదవకపోయినా.

ఇలా చూడటం మొదలుపెడితే మనకు నచ్చినవే చూసి వచ్చేయడం కుదరదు. తోరణాల పడమటి వైపు, పిలుపు దూరంలో ఖుష్ మహల్ ఉంది. ఏటవాలు గోడలు, దళసరి కట్టడం, కొస తేలిన కమానులు. తుగ్లక్‌ల తీరు కట్టడమని చూడగానే తెలుస్తుంది. మెట్లెక్కి పైకి పోతే నాలుగు తోరణాలూ ఒక్క చూపులో అందుతాయి. మన దగ్గరి వాళ్లు కొందరు అక్కడిదాకా వచ్చి, లోపలికి పోకుండా తిరిగిపోతారు. వాళ్ల బాధ నాకు తెలుసు. గుడి కూలిన చోటికి పక్కనే గెలిచిన వాడి కొలువుకూటం. కానీ సారు మమ్మల్ని దాని పైకప్పు మీదనే కూర్చోబెట్టి సద్ది తినిపించారు. "గుడి ఏడుండెనో అంత మంచిగ కనవడే జాగ ఇంకోటి లేదు" అన్నారు. కొత్తగా వచ్చిన పాలకులు కూడా తోరణాలను కూల్చకుండా వదిలారు. వాటి మీద దేవుళ్ల విగ్రహాలు లేకపోవడం వల్ల మిగిలాయని కొందరంటారు. కారణం ఏదైనా ఆ నాలుగు వాకిళ్ల అందం వాళ్లనూ ఆపిందని నేను అనుకుంటాను.

ఆ అందం ఎంత దూరం పోయిందో కూడా చెప్పాలి. రిచర్డ్ ఈటన్, ఫిలిప్ వాగనర్ అనే ఇద్దరు చరిత్రకారులు 2014లో వచ్చిన తమ పుస్తకంలో ఒక మాట అన్నారు. 1591లో హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా, చార్మినార్ పక్కన నాలుగు దిక్కులా నాలుగు కమానులు నిలిపినప్పుడు, ఆయన మనసులో ఓరుగల్లు నాలుగు తోరణాల పథకం ఉందని వాళ్ల వాదన. నాకు ఆ వాదన నచ్చింది. చార్‌కమాన్ దగ్గర గాజులు కొనుక్కునే మన ఆడపడుచులు తెలియకుండానే ఓరుగల్లు నడుమ నిలబడుతున్నారన్న మాట. రాజముద్రలో తోరణం లోపల చార్మినార్ చేరడం వెనక ఇంత పాత చుట్టరికం ఉంటే అంతకన్నా ఏం కావాలి?

వేయిస్తంభాల గుడి గురించి అందరికీ తెలుసు, ఎక్కువ చెప్పను. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం, శివుడు, విష్ణువు, సూర్యుడు ఒకే కప్పు కింద. నల్లరాతి నంది. ఇక్కడ నేను చెప్పదలచుకున్నది కల్యాణ మంటపం సంగతి. పునాది కుంగిందని 2000 తర్వాత ఆ మంటపాన్ని రాయి రాయిగా విప్పారు. ఏళ్ల తరబడి ఆ రాళ్లు ఆవరణలో వరుసలుగా పడి ఉన్నాయి, ఒక్కొక్క రాయి మీద అంకె. అప్పుడు వచ్చిన యాత్రికులు చూడటానికేం లేదని నిరుత్సాహపడి పోయేవారు. సారు మాత్రం వారానికోసారి పోయేవారు, రిటైరైన తర్వాత కూడా. నన్ను ఒకసారి వెంట తీసుకుపోయి, ఒక స్తంభం కింది ముఖం చూపించారు. నిలబడి ఉన్నప్పుడు ఎవరి కంటికీ కనబడని ముఖం అది. రెండు రాళ్లు ఒకదానిలో ఒకటి కూర్చోవడానికి చేసిన కుదురు అక్కడుంది. "ఇది చూడనీకి ఎనిమిదొందల ఏండ్లు పట్టింది, మల్ల కట్టినంక ఇంకెన్ని ఏండ్లకో" అన్నారు. 2024 మార్చిలో, మహాశివరాత్రి నాడు మంటపం మళ్లీ తెరిచారు. అప్పటికి సారు లేరు. మంటపం నిలబడింది, ఆ ముఖం మళ్లీ లోపలికి పోయింది. ఆయన చూపించిన వాళ్లం మాత్రం మిగిలాం.

కోటలో ఇప్పటికీ జనం ఉన్నారు. చాలామంది యాత్రికులు గమనించని సంగతి ఇది. రాతిగోడ లోపల ఇళ్లున్నాయి, చేన్లున్నాయి, బర్రెలు అగడ్త పక్కన మేస్తాయి, పొద్దున్నే బడిపిల్లలు సైకిళ్ల మీద దర్వాజా మలుపులు తిరిగి పోతారు. ఎనిమిది వందల ఏళ్ల కింద శత్రువును ఆపిన మలుపులో వాళ్లు బెల్లు కొట్టుకుంటూ పోతుంటే నాకు చూడటానికి ఎంతో బాగుంటుంది. ఊరికి పేరిచ్చిన ఏకశిల గుట్ట కోటలోనే ఉంది. శంభుని గుడిలో ఈరోజుకూ దీపం పెడుతున్నారు. బావులున్నాయి. శివనగర్ మెట్లబావి ఒక్కటి చూడండి, అంతస్తులు అంతస్తులుగా నీళ్ల దాకా దిగుతుంది. ఊరికి ఇవతల కొత్తవాడలో మగ్గాల మీద జంపఖానాలు నేస్తున్నారు. తెలుగు రేవుల నుంచి పోయే బట్ట సన్నదనాన్ని రుద్రమదేవి కాలంలో మార్కోపోలో మెచ్చుకున్నాడు. నేత పని చేసే చేతులు ఈ గడ్డ మీద ఇంకా ఉన్నాయి. కానీ టూరు బస్సు అక్కడ ఆగదు.

ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం, దాచుకోను. కోట బోర్డుల మీద రాజుల పేర్లు, ఏళ్లు, కొలతలు ఉన్నాయి, ఉండాల్సిందే. కానీ ఈ ఊరి నడకను చెప్పిన కావ్యం పేరు ఈ ఊరి బోర్డు మీద నేను చూడలేదు. మట్టికోట నుంచి మొదలుపెట్టి నడుమ దాకా కాలినడక దారి ఒకటి గుర్తుపెట్టి, దారి పొడవునా మంచనశర్మ, టిట్టిభసెట్టి ఏం చూశారో సామాన్యమైన తెలుగులో రాసి పెడితే ఎంత ఖర్చవుతుంది? కాకతమ్మ పేరు ఎక్కడ రావాలో, పందేల గురించి ఎక్కడ చెప్పాలో, పూటకూళ్ల భోజనం ఏ చెట్టు నీడన చదివించాలో మన కాలేజీల తెలుగు శాఖల వాళ్లు, చరిత్ర శాఖల వాళ్లు ఒక నెల కూర్చుంటే తేల్చగలరు. కచ్చితమైన చోటు తెలియనప్పుడు తెలియదనే రాయవచ్చు. సందర్శకుడు అది తప్పు పట్టడు. వాడికి కావలసింది ఊరితో మాట్లాడే మాట ఒకటి.

సారు చివరిసారి కోటకు పోయింది నాతోనే. మోకాళ్లు సహకరించడం లేదు. ఆటోలో తోరణాల దాకా పోదామన్నాను. ఒప్పుకోలేదు. మట్టికోట దగ్గర ఆటో ఆపించి, చేతికర్ర మీద బరువు వేసి, కట్ట దాటి పది అడుగులు నడిచి, ఒక రాతి మీద కూలబడ్డారు. అంతే, అంతకు మించి పోలేకపోయారు. అక్కణ్ణుంచి రాతికోట గోడ కనబడుతోంది, తోరణాలు కనబడవు. చాలాసేపు అటే చూశారు. ఒక పిల్లవాడు సైకిలు ఆపి, "తాతా, తోరణాలు లోపలున్నయి, నేను తీస్కపోనా?" అని అడిగాడు. సారు వాడి మొహం చూసి నవ్వి, "నువ్వు ఏం తిన్నవు బిడ్డా పొద్దుగాల?" అన్నారు. వాడు తిన్నది చెప్పాడు. సారు ఆ జొన్నలు ఎవరి చేనివని అడిగారు. పాలు ఎవరింట్లో పోయించుకుంటారని అడిగారు. మీ ఇంటి బాయిల నీళ్లు ఎండాకాలం ఉంటయా అని అడిగారు. అరగంట పైనే వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు. నేను పక్కన నిలబడి విన్నాను.

రేపు ఆదివారం పొద్దున ఆరు గంటలకు తూర్పు దిక్కు మట్టికోట దగ్గర కలుద్దామని ఈ సభ నిర్వాహకులతో మాట్లాడాను. రాదలచిన వాళ్లు రండి. ఎండ ముదరక ముందే రాతికోట చేరాలి. దర్వాజా మలుపులో కాసేపు ఆగుదాం. ఖుష్ మహల్ మీద కూర్చుని క్రీడాభిరామంలోంచి పూటకూళ్ల పద్యం ఎవరైనా గొంతున్న వాళ్లు చదవాలి. సద్ది ఎవరిది వాళ్లు తెచ్చుకోండి. పెరుగు మాత్రం కోటలోని ఒక ఇంట్లో చెప్పి పెట్టాను.